ఖాళీ తొట్టిలో తాబేలు ఏం చేస్తుంది? రెడ్ ఇయర్డ్ స్లైడర్‌కు చేతినిండా పని కల్పించే పద్ధతులు

తాబేలు గాజుకు ముక్కు ఆనించి, ముందుకాళ్లతో గంటల తరబడి గీకుతూ ఉంటుంది. చూసినవాళ్లు మమ్మల్ని గుర్తుపట్టి పలకరిస్తోందని మురిసిపోతారు. మనిషి కనబడగానే తిండి కోసం రెండు నిమిషాలు అలా చేస్తే అది పలకరింపే. గదిలో ఎవరూ లేనప్పుడు కూడా పొద్దంతా అదే పని చేస్తుంటే మాత్రం బయటికి దారి వెతుక్కుంటోందని అర్థం. నీళ్లు, ఒక రాయి, పైన బల్బు తప్ప మరేమీ లేని తొట్టిలో దానికి వేరే పని లేదు. ఆ పనిని కల్పించడాన్నే జంతువులను పెంచేవాళ్లు ఎన్‌రిచ్‌మెంట్ అంటారు. బొమ్మలు పడేస్తే సరిపోతుందనుకోవద్దు. వెచ్చదనమా చల్లదనమా, లోతా మెరకా, వెలుగా చాటా, ఇప్పుడు తినడమా తర్వాత వెతుక్కోవడమా అన్నది తాబేలే తేల్చుకునేలా తొట్టిని అమర్చాలి. కింద చెప్పే ప్రతి ఏర్పాటుకూ అసలు ఉద్దేశం అదే.

ఇక్కడ చెప్పేది అక్వేరియం షాపుల్లో దొరికే, కళ్ల వెనక ఎర్ర చార ఉండే రెడ్ ఇయర్డ్ స్లైడర్ గురించి. దాని సొంత ఊరు అమెరికాలోని మిసిసిపీ నదీ పరీవాహకం. మన నక్షత్ర తాబేలునూ, మన చెరువుల్లో ఉండే దేశీ తాబేళ్లనూ ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అలాంటిది మీ దగ్గర ఉంటే అటవీశాఖకు అప్పగించండి. స్లైడర్‌ను పెంచలేకపోతే ఇంకెవరికైనా ఇవ్వండి గానీ చెరువులో వదలకండి. ప్రపంచంలో అతి ఎక్కువ హాని చేసే 100 చొరబాటు జీవుల జాబితాలో ఇది ఉంది. దేశీ తాబేళ్ల తిండినీ, అవి ఎండ కాచుకునే చోట్లనూ ఆక్రమించేస్తుంది.

తాబేలుకు విసుగేమిటి అనేవాళ్లు ఉంటారు. వాషింగ్టన్ జూలో ఒక నైలు మెత్తడిప్ప తాబేలు తన మెడను తానే గోళ్లతో చీరుకుంటూ, ముందుకాళ్లను కొరుక్కుంటూ ఉండేది. తొట్టిలో బంతులు, కర్రలు, గొట్టాలు వేశాక వాటితో కాలక్షేపం చేయడం మొదలుపెట్టి, ఆ అలవాటును చాలావరకు మానుకుంది. 1996లో అచ్చయిన పరిశోధన ఇది. 2005లో అమెరికాలో నేల మీద తిరిగే బాక్స్ తాబేళ్ల మీద చేసిన ఇంకో పరిశోధనలో కొన్నింటిని వట్టి కాగితం పరిచిన పెట్టెల్లో, కొన్నింటిని చెక్కపొట్టు, దాక్కునే చోటు ఉన్న పెట్టెల్లో ఉంచారు. రెండో రకం పెట్టెల్లోని తాబేళ్లు బయటపడాలని పెనుగులాడడం తగ్గింది. రక్తంలో ఒత్తిడిని చూపే తెల్లకణాల నిష్పత్తీ తగ్గింది. ఎంచుకోనిస్తే అవి రెండో రకం పెట్టెవైపే వెళ్లాయి.

ముందు చోటు, తర్వాతే మిగతావి

చిన్న తొట్టిలో ఎన్ని వస్తువులు పెట్టినా అడ్డాలే అవుతాయి. డిప్ప పొడవు ప్రతి అంగుళానికి 40 లీటర్ల నీళ్లు అన్నది పెంపకందార్లు పాటించే లెక్క. ఆరు అంగుళాల తాబేలుకు 240 లీటర్లు. షాపులో రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దగా కనిపించే ఆడపిల్ల నాలుగైదేళ్లలో ఎనిమిది అంగుళాలు దాటవచ్చు, పూర్తిగా ఎదిగితే పది, పన్నెండు అంగుళాలు. మగది ఏడెనిమిది దగ్గర ఆగుతుంది. ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు ఉన్న చిన్న గిన్నె దీనికి ఏ వయసులోనూ ఇల్లు కాదు.

ఆరు అంగుళాల తాబేలుకు గాజుతొట్టి అయితే 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఉన్నది తీసుకోండి. అందులో 13 అంగుళాలు నింపితే సుమారు 245 లీటర్లు పడతాయి. నీళ్ల బరువే 245 కిలోలు, గాజు బరువు అదనం. బాల్కనీలో పెట్టేముందు స్లాబు గురించి ఆలోచించండి. డబ్బు తక్కువైతే నల్లని ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్ ప్లాస్టిక్) తొట్టి కొనండి. నాలుగు వైపులా కనబడదు కాబట్టి గాజు గీకడం కూడా ఉండదు. గాజుతొట్టికి వెనకా, రెండు పక్కలా బయటి నుంచి ముదురు రంగు కాగితం అంటించండి. చాలాసార్లు తాబేలు తన నీడనే ఇంకో తాబేలు అనుకుని గాజుతో పోట్లాడుతుంది. ఈ ఒక్క కాగితంతోనే గీకడం తగ్గిన తొట్లు చాలా ఉన్నాయి.

మార్చేముందు వారం రోజులు చూడండి

ఈ పనిని అందరూ వదిలేస్తారు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పదిహేనేసి నిమిషాలు కాస్త దూరంగా కూర్చోండి. నిమిషానికోసారి తాబేలు ఏం చేస్తోందో ఒక అక్షరం రాయండి: ఈత, ఎండ, తిండి, దాగడం, గాజు గీకడం, ఊరికే ఉండడం. వారం తర్వాత ఏది ఎన్నిసార్లో లెక్కపెట్టండి. కొత్తది ఏం పెట్టినా మళ్లీ వారం ఇలాగే రాసి పోల్చండి. ఎండ కాచుకోవడం పూర్తిగా మానేసినా, దాగడం ఒక్కసారిగా పెరిగినా ఆ వస్తువు దాన్ని భయపెడుతోందన్నమాట. రెండు మూడు రోజుల బెరుకు మామూలే. నాలుగో రోజుకూ అలాగే ఉంటే తీసేయండి.

ఎండ కాచుకునే మెట్టు

స్లైడర్ రోజులో పెద్దభాగం ఇక్కడే గడుపుతుంది కాబట్టి మీ డబ్బూ శ్రమా ముందు దీనికి పెట్టండి. షాపుల్లో అమ్మే అయస్కాంతపు తెప్పలు నాలుగు అంగుళాలు దాటిన తాబేలు బరువుకు మునిగిపోతాయి. పైన చెప్పిన తొట్టికి సరిపడే మెట్టును అర అంగుళం పీవీసీ పైపుతో ఇంట్లోనే చేసుకోవచ్చు.

కావలసినవి: 10 అడుగుల పైపు ఒకటి, త్రీ-వే ఎల్బోలు (మూడు వైపులా పైపు దూరే మూల కీళ్లు) 4, మూతలు 4, 12×10 అంగుళాల గట్టి ప్లాస్టిక్ జాలీ, కేబుల్ టైలు, పైన పరవడానికి గరుకు రాతిపలక ఒకటి. తాండూరు బండ ముక్క అయితే పాలిష్ లేని వైపు పైకి ఉంచండి.

1. పైపును 12 అంగుళాల ముక్కలు 2, 10 అంగుళాలవి 2, కాళ్లకు 15 అంగుళాలవి 4 కోయండి. అంచులను గరుకు కాగితంతో రుద్దండి.
2. ప్రతి ముక్కకూ రెండు చివర్ల దగ్గర 6 మిల్లీమీటర్ల బెజ్జం వేయండి. లోపలికి నీళ్లు పోకపోతే మెట్టు తేలిపోయి తలకిందులవుతుంది.
3. ఎల్బోలతో పైచట్రం బిగించి, కాళ్లు దూర్చి, కింద మూతలు పెట్టండి. గట్టిగా దిగితే జిగురు అక్కర్లేదు, కడిగేటప్పుడు విప్పుకోవచ్చు.
4. జాలీని ప్రతి రెండు అంగుళాలకూ ఒక కేబుల్ టైతో కట్టి, తోకలను మొదలంటా కోసేయండి. మిగిలిన మొన కాలి చర్మాన్ని గీరుతుంది.
5. జాలీ మీద రాతిపలక పరచండి. ఉత్త జాలీ కన్నాల్లో గోళ్లు ఇరుక్కుంటాయి.
6. ఎక్కడానికి 12 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు ఉన్న పలకను వాలుగా కట్టండి. పైచివర మెట్టుకు ఆనాలి, కిందిచివర నీటిమట్టానికి 4 అంగుళాల లోపల ఉండాలి. అప్పుడు వాలు 30 డిగ్రీల దగ్గర వస్తుంది. అంతకంటే నిటారుగా ఉంటే బరువైన ఆడ తాబేలు జారి వెనక్కి పడుతుంది.

మెట్టు నీళ్ల మీద రెండు అంగుళాలు లేచి ఉంటుంది, తొట్టి అంచు ఇంకో తొమ్మిది అంగుళాలు పైన. ఈ దూరం ఎప్పుడూ డిప్ప పొడవు కంటే ఎక్కువ ఉండాలి. లేకపోతే తాబేలు నిలబడి అంచు పట్టుకుని బయట పడుతుంది. డిప్ప పగిలి వైద్యుల దగ్గరికి వచ్చే తాబేళ్లలో ఇలా పడినవి ఉంటాయి.

మెట్టు మీద డిప్ప ఎత్తులో వేడి 32 నుంచి 35 డిగ్రీలు, నీళ్లలో 24 నుంచి 27 ఉండాలి. బల్బు వాట్లను బట్టి ఊహించకుండా థర్మామీటరు పెట్టి, బల్బును పైకీ కిందికీ జరిపి సరిచూడండి. పక్కనే 5.0 యూవీబీ ట్యూబు (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలను ఇచ్చే దీపం, 5.0 అన్నది దాని తీవ్రత) 10 నుంచి 12 అంగుళాల ఎత్తులో ఉండాలి. మధ్యలో గాజు ఉంటే యూవీబీ కిందికి రాదు, కాబట్టి కిటికీ అద్దంలోంచి పడే ఎండ లెక్కలోకి రాదు. ట్యూబు వెలుగుతున్నా యూవీబీ తగ్గిపోతుంది. కంపెనీ చెప్పిన గడువు చూసి, ఆరు నుంచి పన్నెండు నెలలకోసారి మార్చండి. రెండు దీపాలకూ టైమర్ పెట్టి రోజుకు 12 గంటలు వెలిగించండి.

ఎండచోటు ఒక కొసన ఉంటే రెండో కొస చల్లగా, కాస్త చీకటిగా ఉండాలి. వేడి ఎక్కువైనప్పుడు అటు వెళ్తుంది, చాలనిపించినప్పుడు ఇటు వస్తుంది.

నీళ్లలో చాటు, ప్రవాహం, మొక్కలు

లోతు కనీసం డిప్ప పొడవుకు రెండింతలు ఉండాలి. వెల్లకిలా పడితే తిప్పుకోవడానికి ఆ లోతు కావాలి. ఫిల్టరు నీళ్లు ఒక మూల నుంచి పొడవు దిశలో వచ్చేలా గొట్టం తిప్పండి. కొన్ని తాబేళ్లు ఆ ధారకు ఎదురీదుతూ ఉంటాయి. తొట్టి సగం మాత్రం నిశ్చలంగా ఉండాలి. నీళ్లంతా పారుతుంటే పిల్ల తాబేలు అలసిపోతుంది.

చాటుకు మెట్టు కిందిభాగమే బాగా పనికొస్తుంది. కాళ్ల మధ్య దూరం డిప్ప వెడల్పుకు ఒకటిన్నర రెట్లు ఉండేలా చూడండి. కుండపెంకుల్లాంటివి పెడితే రెండు వైపులా దారి ఉండాలి. తాబేలు గాలి పీల్చే జీవి. ఒకవైపే దారి ఉన్న కుండలోకి దూరి వెనక్కి రాలేక మునిగి చనిపోతుంది. నీళ్లలో ఉంది కదా అనుకునేవాళ్లకు ఇది నమ్మలేనంతగా ఉంటుంది గానీ నిజం. ఎండుకర్ర ఏదైనా గాజుకూ తనకూ మధ్య సన్నని సందు వదలకూడదు.

అడుగున గులకరాళ్లు పోయకండి. తలకంటే చిన్నదేదైనా మింగుతుంది, పేగు మూసుకుపోతుంది. పిడికిలంత గుండ్రటి నదిరాళ్లు ఏడెనిమిది చాలు. వాటి మధ్య తిండి దాచవచ్చు, కదుపుతూ వెతుక్కుంటుంది. తవ్వుకోవాలంటే బరువైన ట్రేలో రెండు అంగుళాల మందాన కడిగిన నది ఇసుక పోయండి. ఎం-శాండ్ వద్దు, దాని అంచులు పదును.

మొక్కల్లో గుర్రపుడెక్క, అంతరతామర మంచివి. వేళ్ల కింద దాక్కుంటుంది, నీడ దొరుకుతుంది, ఆకులూ వేళ్లూ కొరుకుతుంది. చెరువులోంచి తెచ్చినదైతే రెండు వారాలు వేరే బకెట్లో, రోజూ నీళ్లు మారుస్తూ ఉంచి, జలగలు, నత్తగుడ్లు లేవని చూసి వేయండి. మిగిలిపోయింది ఎండబెట్టి చెత్తలో వేయండి, కాలువలో మాత్రం పడేయొద్దు. మనీప్లాంటు వేళ్లను తొట్టిలో వదలడం మనవాళ్లకు అలవాటు. దాని ఆకుల్లోని ఆక్సలేట్ సూదులు నోటిని మండిస్తాయి, కాబట్టి తాబేలుకు అందనివ్వకండి.

తిండిని పనిగా మార్చడం

అడవిలో స్లైడర్ రోజంతా వెతుక్కుని తింటుంది. మన ఇంట్లో అరనిమిషంలో పెల్లెట్లు (షాపులో దొరికే తిండి గుళికలు) మింగేస్తే మిగతా పొద్దంతా ఖాళీ. గట్టు మీద పెట్టినా దాన్ని నీళ్లలోకి లాక్కెళ్తుంది, ఎందుకంటే నీళ్లు లేకుండా మింగలేదు. అందుకే ఈ పనులన్నీ నీళ్లలోనే పెట్టాలి.

అన్నిటికంటే తేలికైనది ఆకుల కట్ట. రబ్బరు బిళ్ల ఉన్న క్లిప్పుతో రోజూ పొద్దున గాజుకు బిగించండి. మల్బరీ ఆకు, మందార ఆకులూ పూలూ, గుమ్మడిపువ్వు, ముల్లంగి ఆకు, రొమెయిన్ లెట్యూస్ మార్చిమార్చి పెట్టవచ్చు. పాలకూర, గోంగూర, తోటకూరలలో ఆక్సలేట్ ఎక్కువ, కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు. దారంతో మాత్రం కట్టకండి, ఆకుతో పాటు మింగేస్తుంది. సంవత్సరం దాటిన తాబేలు తిండిలో కనీసం సగం ఆకే ఉండాలి. పెల్లెట్లు రోజు విడిచి రోజు, తల పరిమాణమంత చాలు.

రెండోది పెల్లెట్ గొట్టం. రెండంగుళాల పీవీసీ పైపు 6 అంగుళాల ముక్క కోసి, రెండు చివర్లా మూతలు వేసి, చుట్టూ 8 నుంచి 10 బెజ్జాలు పెట్టండి. పెల్లెట్ 6 మిల్లీమీటర్లయితే బెజ్జం 10 ఉండాలి. అంచులను నున్నగా రుద్దాలి. అందులో 10 నుంచి 15 తేలే పెల్లెట్లు వేసి నీళ్లలో ముంచితే గొట్టం అడుగున పడుకుంటుంది. తాబేలు ముక్కుతో పొర్లించినప్పుడల్లా ఒకటో రెండో పైకి వస్తాయి. తాబేలు మొదటిరోజే విసిగిపోకుండా ముందు బెజ్జాలు ఎక్కువగా, పెద్దగా ఉన్న గొట్టంతో మొదలుపెట్టి, తర్వాత తక్కువ బెజ్జాలదానికి మారండి. 20 నిమిషాల తర్వాత గొట్టం తీసి కడగాలి. లోపల నానిన పెల్లెట్లు ఉంటే ఆ రాత్రికే నీళ్లు కంపు కొడతాయి.

వేసవిలో ఐసు ట్రేలో ఆకుముక్కలు, నాలుగు పెల్లెట్లు వేసి గడ్డకట్టించి ఒకటి రెండు ముక్కలు వదలండి. 240 లీటర్ల నీళ్లను అవి చల్లబరచలేవు, కరిగేదాకా తాబేలు వాటి వెంటపడుతుంది.

బతికున్న ఎర వేస్తే వేట నడుస్తుంది. నెలకు ఒకటి రెండుసార్లు, ఇంట్లోనే పెంచిన గప్పీలు నాలుగైదు వదలండి. గోల్డ్‌ఫిష్ వద్దు. దానిలో థయామినేజ్ అనే ఎంజైము ఉంటుంది, తరచూ తింటే బి1 విటమిన్ లోపిస్తుంది. వానపాములను మందులు కొట్టని మట్టిలోంచి తీయండి. వర్మికంపోస్టు వానపాములు చెడువాసన ద్రవం వదులుతాయి, చాలా తాబేళ్లు ఉమ్మేస్తాయి. డబ్బాల్లో వచ్చే ఎండురొయ్యలు రోజువారీ తిండి కావు. ఎప్పుడైనా రెండు, మూడు చాలు.

కటిల్‌బోన్ (కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి లోపలి సున్నపు ఎముక) ముక్క ఎప్పుడూ తేలుతూ ఉంటే బాగుంటుంది. కాల్షియం అందుతుంది, కొరకడానికి వస్తువూ అవుతుంది. వెనక ఉండే గట్టి పెంకును చాకుతో తీసేసి వేయండి.

బంతులు, పుల్ల చూపి నేర్పడం

తేలే బంతి తలకంటే పెద్దదిగా, గట్టి ప్లాస్టిక్‌తో ఉండాలి. పింగ్‌పాంగ్ బంతి పెద్ద తాబేలు కొరుకుడికి పగిలి ముక్కలవుతుంది. స్పాంజి, ఫోము, ప్లాస్టిక్ గడ్డి, కొబ్బరిపీచు చాప ఏవీ వద్దు, పీచులు కడుపులోకి వెళ్తాయి. ఒక వస్తువు వారం ఉంచి తీసేసి, నెల తర్వాత మళ్లీ వేయండి. ఎప్పుడూ కళ్లముందే ఉంటే దానిమీద ఆసక్తి పోతుంది. మెట్టు, చాటు మాత్రం ఉన్నచోటే ఉంచండి. అన్నీ ఒకేసారి మారిస్తే దానికి ఇల్లే మారినట్టు. వారానికి ఒక్క మార్పు చాలు.

తాబేళ్లు రంగులు బాగా చూస్తాయి. దీన్ని వాడుకుని ఒక కర్ర చివర ఎర్రని ప్లాస్టిక్ మూత బిగించి, తిండికి ముందు ఐదు నిమిషాలు నేర్పండి. మూతను ముక్కుకు రెండు మూడు అంగుళాల దూరంలో ఉంచండి. ముక్కు తగలగానే పట్టకారుతో ఒక పెల్లెట్ ఇవ్వండి. ఆలస్యం చేస్తే దేనికి ఇచ్చారో దానికి తెలియదు. పూటకు ఐదారుసార్లు చాలు. రోజుల తరబడి దూరం పెంచుతూ పోతే మూత వెంట ఈదుతుంది. ఇలా నేర్చిన తాబేలును ఒక ట్రేలోకి పిలిచి వారంవారం బరువు చూడవచ్చు, తొట్టి కడిగేటప్పుడు చేత్తో పట్టి భయపెట్టాల్సిన అవసరం రాదు. వేలితో మాత్రం నేర్పకండి, వేలంటే తిండి అని స్థిరపడిపోతుంది.

తోడు కోసం ఇంకో తాబేలును తేవద్దు. ఇవి గుంపుగా ఎండ కాచుకుంటాయి గానీ తొట్టిలో తోకలూ కాళ్లూ కొరుక్కుంటాయి. మగది ఆడదాన్ని తిననివ్వకుండా వెంటపడుతుంది.

ఆడ తాబేలు ఉన్నట్టుండి గాజు గీకుతుంటే

ముందుకాళ్ల గోళ్లు పొట్టిగా, తోక సన్నగా ఉండి, డిప్ప ఆరేడు అంగుళాలు దాటిన తాబేలు తిండి మాని, మెట్టు మీద వెనకకాళ్లతో తవ్వుతూ, తొట్టంతా తిరుగుతుంటే అది విసుగు కాదు, గుడ్లు. మగది లేకపోయినా పెడుతుంది. రెండడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు ఉన్న టబ్బులో మట్టి, ఇసుక సమపాళ్లలో కలిపి 10 నుంచి 12 అంగుళాల మందాన పోయండి. గుంట తీస్తే గోడ కూలనంత తడి ఉండాలి. పైన బల్బుతో మట్టిని 27 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచి, తాబేలును అందులో వదిలి గదిలోంచి వెళ్లిపోండి. ఎవరైనా చూస్తుంటే తవ్వడం ఆపేస్తుంది. రోజుకు రెండు మూడు గంటలు ఇవ్వండి. వారం దాటినా పెట్టకపోయినా, నీరసంగా ముక్కుతున్నా పశువైద్యుల చేత ఎక్స్‌రే తీయించండి. లోపలే ఆగిన గుడ్లు ప్రాణం తీస్తాయి.

ఎండాకాలం, చలికాలం, ఆరుబయట

ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు 30 దాటితే నీటి ఉపరితలం మీదుగా ఫ్యాను తిప్పండి, ఆవిరవుతూ రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. ఎండ బల్బును మధ్యాహ్నం ఆపవచ్చు, యూవీబీ మాత్రం ఉంచండి. డిసెంబరు, జనవరిలో నీళ్లు 20 కిందికి పోతే తాబేలు మందగించి తిండి తగ్గించేస్తుంది, అప్పుడు ఏ ఆటా పెద్దగా పనిచేయదు. హీటరుకు ప్లాస్టిక్ తొడుగు తప్పనిసరి, తాబేలు గుద్ది గాజు పగలగొడుతుంది. నీళ్లు తోడేముందు ప్లగ్ తీసేయండి.

పొద్దున ఏడు, ఎనిమిది గంటల మధ్య మేడ మీద టబ్బులో అరగంట నిజమైన ఎండ చూపిస్తే మంచిది. సగం టబ్బుకు పలక అడ్డుపెట్టి నీడ చేయండి, పైన జాలీ వేయండి, కాకులూ పిల్లులూ వస్తాయి. మీరు అక్కడే ఉండాలి. తక్కువ నీళ్లున్న ప్లాస్టిక్ టబ్బు మన ఎండకు చూస్తుండగానే వేడెక్కుతుంది, తప్పించుకునే దారిలేని తాబేలు అందులో ఉడికిపోతుంది. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి. తాబేళ్ల ఒంటిమీద సాల్మొనెల్లా ఉండవచ్చు. అందుకే టబ్బును వంటింటి సింకులో కడగకూడదు, ఐదేళ్లలోపు పిల్లలను ముట్టుకోనివ్వకూడదు.

ఎన్ని ఏర్పాట్లు చేసినా తాబేలు ఒకవైపు ఒరిగి ఈదుతున్నా, ముక్కులోంచి బుడగలు వస్తున్నా, కళ్లు ఉబ్బి మూసుకుపోయినా అది రోగం. ఒరగడం, బుడగలు ఊపిరితిత్తుల జబ్బుకు, కళ్లవాపు చాలాసార్లు ఎ విటమిన్ లోపానికి గుర్తులు. కొత్త వస్తువులన్నీ తీసేసి, నీళ్లు 27 డిగ్రీలకు తెచ్చి, మీరు రాసుకున్న లెక్కల కాగితంతో సహా వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. ఎప్పటి నుంచి ఎండకు రావడం మానిందో ఆ కాగితంలోనే ఉంటుంది.